బార్సిలోనా: ఊరు వాళ్లది.. ఎంజాయ్‌మెంట్ ఎవరిది? టూరిస్టులపై వాటర్ గన్స్ వెనుక అసలు కథ ఇదీ!

బీచ్, ఎండ, ఫుట్‌బాల్, గౌడీ కట్టడాలు.. బార్సిలోనా అనగానే గుర్తొచ్చేవి ఇవే. మన ప్రేక్షకులకైతే ఇంకో గుర్తు కూడా ఉంది. 2013లో వచ్చిన అల్లు అర్జున్ సినిమా 'ఇద్దరమ్మాయిలతో' కథ చాలా వరకు నడిచేది ఈ ఊళ్లోనే. స్క్రీన్ మీద చూస్తే జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలనిపించే సిటీ అది.

కానీ ఆ సిటీలోనే 2024 జులై 6న ఒక వింత సీన్ కనిపించింది. రోడ్డు పక్కన టేబుళ్ల దగ్గర కూర్చుని తింటున్న టూరిస్టుల మీద స్థానికులు పిల్లలు ఆడుకునే వాటర్ గన్స్‌తో నీళ్లు చల్లారు. 'ఇంటికి వెళ్లిపోండి' అంటూ నినాదాలు చేశారు. పోలీసుల లెక్క ప్రకారం ఆ రోజు ర్యాలీకి వచ్చింది 2,800 మంది. వీడియో మాత్రం ప్రపంచమంతా చుట్టేసింది.

అక్కడితో ఆగలేదు. 2025 జూన్ 15న బార్సిలోనాతో పాటు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీల్లోని పలు నగరాల్లో ఒకే రోజు నిరసనలు జరిగాయి. వాటర్ గన్ ఈ ఉద్యమానికి గుర్తుగా మారిపోయింది.

ఇంతకీ అతిథుల మీద అంత కోపం ఎందుకు? టూరిజం మీద బతికే ఊరు టూరిస్టును ఎందుకు వద్దంటోంది? ఇది అర్థం కావాలంటే ముందు ఆ ఊరి మామూలు రోజు ఎలా ఉంటుందో చూడాలి. ఎందుకంటే గొడవంతా ఆ మామూలు రోజు గురించే.

రాత్రి తొమ్మిదిన్నరకు సూర్యాస్తమయం!

బార్సిలోనాలో మధ్యాహ్న భోజనం రెండు గంటలకు. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. కొత్తగా వెళ్లినవాళ్లు ఏడింటికి రెస్టారెంట్‌కి వెళ్తే కిచెన్ ఇంకా తెరవలేదంటారు. దీనికి ఒక కారణం గడియారం. స్పెయిన్ ఉన్న చోటును బట్టి చూస్తే దానికి బ్రిటన్ టైమ్ ఉండాలి. కానీ 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపి జర్మనీ టైమ్‌కి మార్చింది. మళ్లీ వెనక్కి మార్చలేదు. దీంతో జూన్‌లో బార్సిలోనాలో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది.

ఆఫీసు అయ్యాక కూడా మూడు గంటల వెలుతురు ఉంటే జనం ఏం చేస్తారు? ఇంట్లో కూర్చోరు. వీధిలోకి వస్తారు. పేటకో చిన్న చౌరస్తా ఉంటుంది. చుట్టూ బెంచీలు, మధ్యలో బంతాట ఆడే పిల్లలు, ఓ పక్క కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లు. మన ఊళ్లలో రచ్చబండ చేసే పని అక్కడ ఈ చౌరస్తా చేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు 'వెర్మూత్' అనే మద్యం ఓ గ్లాసు, కాసిన్ని ఆలివ్‌లు, చిప్స్ పెట్టుకుని బంధుమిత్రులతో కూర్చోవడం ఒక అలవాటు. వేసవిలో చాలా ఆఫీసులు పొద్దున ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం మూడింటికే మూసేస్తాయి. ఆగస్టు వచ్చిందంటే పేటల్లోని చిన్న దుకాణాలు చాలా వరకు సెలవు బోర్డు పెట్టి తాళం వేస్తాయి.

పని రోజుల్లో మధ్యాహ్నం చాలామంది తినేది 'మెనూ దెల్ దియా'. అంటే ఆ రోజు భోజనం. మన హోటళ్లలో ఫుల్ మీల్స్ లాంటిది. మొదట ఒక వంటకం, తర్వాత ఒక వంటకం, బ్రెడ్, డ్రింక్, స్వీటో కాఫీయో.. అన్నీ కలిపి ఒకే రేటు. ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1960ల్లో స్పెయిన్ ప్రభుత్వం టూరిస్టులకు తక్కువ ధరకు భోజనం దొరకాలని రెస్టారెంట్లకు పెట్టిన రూల్ నుంచే ఈ పద్ధతి పుట్టింది. టూరిస్టుల కోసం పెట్టిన ఆ భోజనమే చివరికి గుమస్తాలు, కూలీలు, మేస్త్రీలు రోజూ తినే భోజనం అయింది.

అంటే టూరిజం ఈ ఊరికి ఇచ్చింది కూడా ఉంది. అందులో అన్నిటికంటే పెద్దది.. బీచ్!

ఆ బీచ్ వయసు ముప్పై ఏళ్లు దాటిందంతే..

ఇప్పుడు ఫొటోల్లో కనిపించే బార్సిలోనా బీచ్ వందల ఏళ్ల నుంచీ ఉన్నదనుకుంటే పొరపాటే. 1980ల వరకు ఆ తీరంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలు, గోదాములు, రైలు పట్టాలే. దానికంటే ముందు సొమొరోస్త్రో లాంటి మురికివాడలు సముద్రాన్ని ఆనుకుని ఉండేవి. పక్కనే ఉన్న పోబ్లెనోవ్ పేటలో ఎన్ని మిల్లులు ఉండేవంటే, దాన్ని కాటలోనియా మాంచెస్టర్ అని పిలిచేవారు. అప్పట్లో 'బార్సిలోనా సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది' అనే మాట ఉండేది.

1992 ఒలింపిక్స్ ఆ రూపురేఖలు మార్చేశాయి. పట్టాలు తీసేశారు. ఫ్యాక్టరీల స్థలంలో క్రీడాకారుల గ్రామం కట్టారు. ఇసుక తెచ్చి పోసి బీచ్‌లు తయారు చేశారు. ఇప్పుడు నగరం పొడవునా దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల బీచ్ ఉంది. టికెట్ లేదు. మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. పొద్దున్నే ఈత కొట్టే రిటైర్డ్ ఉద్యోగులు, సాయంత్రం వాలీబాల్ ఆడే కుర్రాళ్లు, స్కేటింగ్ చేసే పిల్లలు.. పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ దొరికిన ఫ్రీ పార్కు అది. 2022 జులై నుంచి ఈ బీచ్‌లలో సిగరెట్ తాగడం కూడా నిషేధం.

మెనూ అయినా, బీచ్ అయినా కథ ఒక్కటే. బయటివాళ్ల కోసం చేసింది చివరికి ఊరివాళ్లకు మిగిలింది. గత పదిహేనేళ్లుగా ఇది రివర్స్ అయింది. ఊరివాళ్ల కోసం ఉన్నది బయటివాళ్లకు వెళ్లిపోతోంది. స్థానికుల బాధంతా ఇదే.

ఇరుకిళ్ల బార్సిలోనెటా.. మొదటి మంట అక్కడే

బీచ్ పక్కనే ఉన్న పేట పేరు బార్సిలోనెటా. అంటే చిన్న బార్సిలోనా. 1753లో మిలిటరీ ఇంజినీర్లు ప్లాన్ గీసి కట్టిన పేట ఇది. జాలర్లు, ఓడరేవు కూలీలు ఉండేవారు. సన్నటి వీధులు. తర్వాత్తర్వాత ఒక్కో ఇంటిని నాలుగు భాగాలు చేసి అద్దెకిచ్చారు. అందుకే అక్కడి ఫ్లాట్లను ఇప్పటికీ 'పావు ఇల్లు' అంటారు. ముప్పై చదరపు మీటర్లకు కాస్త అటూ ఇటూ. మన లెక్కలో మూడొందల పాతిక చదరపు అడుగులు. అందులోనే కుటుంబం మొత్తం.

ఇల్లు అంత ఇరుకైనప్పుడు వీధే హాలు. సాయంత్రం అయితే కుర్చీలు బయట వేసుకుని కూర్చోవడం ఆ పేట అలవాటు. పల్లెల్లో అరుగుల మీద కూర్చున్నట్టే.

ఆ చిన్న ఫ్లాట్లే తర్వాత టూరిస్టు రూములయ్యాయి. బీచ్‌కి రెండు నిమిషాల దూరం.. ఇంతకంటే ఏం కావాలి? ఒకప్పుడు నెలకు అద్దెకిచ్చిన ఇల్లు రోజుల లెక్కన ఇస్తే ఓనర్‌కి ఎన్నో రెట్లు ఆదాయం. 2014 ఆగస్టులో కొందరు విదేశీ యువకులు బట్టల్లేకుండా ఈ పేట వీధుల్లో, దుకాణంలో తిరిగిన ఫొటోలు బయటికొచ్చాయి. దాంతో పేట మొత్తం రోడ్డెక్కింది. రాత్రుళ్లు పార్టీలు, మెట్ల మీద సూట్‌కేసుల చప్పుడు, పక్కింట్లో వారానికో కొత్త ముఖం.. ఇవన్నీ ఆ రోజు బయటపడ్డాయి. 2024 వాటర్ గన్స్‌కి పదేళ్ల ముందు మాట ఇది. కోపం ఒక్క రోజులో పుట్టలేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

స్పెయిన్ జనాభా దాదాపు 4.9 కోట్లు. 2024లో ఆ దేశానికి వచ్చిన విదేశీ టూరిస్టులు 9.38 కోట్లు. అంటే జనాభాకు దాదాపు రెట్టింపు. టూరిస్టుల సంఖ్యలో ఫ్రాన్స్ తర్వాత స్థానం స్పెయిన్‌దే.

ఒక్క బార్సిలోనా నగరం తీసుకుంటే జనాభా సుమారు 17 లక్షలు. విస్తీర్ణం వంద చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. పెరగడానికి జాగా లేదు. ఆ జాగాలోకే ఏటా ఒకటిన్నర కోటి మంది వరకు వచ్చి బస చేస్తారు. వీళ్లు కాక 2024లో క్రూయిజ్ ఓడల్లో వచ్చినవాళ్లు దాదాపు 36 లక్షలు. వీళ్లలో చాలామంది పొద్దున దిగి, సాయంత్రానికి మళ్లీ ఓడెక్కేస్తారు. ఒక్క సగ్రడా ఫమీలియా చర్చికే ఏడాదికి 48 లక్షల మంది వస్తున్నారు.

ఇక ఇంటి అద్దె. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని, ఇల్లు కొనాలంటే ధర 38 శాతం పెరిగిందని 2024లో మేయర్ జావుమే కొల్‌బోని స్వయంగా చెప్పారు. నగరంలో సగటు అద్దె నెలకు 1,100 యూరోలు దాటింది. స్పెయిన్‌లో 2025 కనీస వేతనం ఎంతో తెలుసా? నెలకు 1,184 యూరోలు, ఏడాదికి 14 జీతాలు. యూరో అంటే మన దగ్గర దాదాపు వంద రూపాయలు. అంటే కనీస వేతనంతో పనిచేసేవాడు సగటు ఇల్లు అద్దెకు తీసుకుంటే, మిగిలేదానితో నెలంతా గడపలేడు.

టూరిస్టుకు కాఫీ తెచ్చి ఇచ్చే వెయిటర్, హోటల్ రూమ్ శుభ్రం చేసే మహిళ.. వీళ్లకు అదే పేటలో ఇల్లు దొరకదు. లొస్పితాలెత్, బదలోనా లాంటి పక్క ఊళ్ల నుంచి మెట్రోలో రావాల్సిందే. ఊరి సరదాను వడ్డించేవాళ్లకు ఆ సరదా గడిపే చోటు లేకుండా పోతోంది.

చిన్న బస్సు చెప్పిన పెద్ద కథ

అద్దె అంటే అంకె. రోజువారీ జీవితం ఎలా మారిందో తెలియాలంటే 116 నంబర్ బస్సు గురించి తెలుసుకోవాలి. గౌడీ కట్టిన పార్క్ గ్వెల్ కొండ మీద ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఎత్తు వీధుల్లో ఉండే వృద్ధుల కోసం నడిపే చిన్న బస్సు అది. ఫోన్ మ్యాప్స్‌లో పార్కుకు దారి వెతికితే ఈ బస్సే చూపించేది. ఇంకేముంది! బస్సు నిండా టూరిస్టులే. కూరగాయల సంచితో ఎక్కాల్సిన ముసలావిడకు నిలబడే చోటు కూడా ఉండేది కాదు.

స్థానికులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 2024లో నగర పాలక సంస్థ అడగడంతో గూగుల్ మ్యాప్స్ నుంచి ఆ బస్సు రూట్‌నే తీసేశారు. అంతే, బస్సు ఖాళీ అయింది. సీట్లు మళ్లీ పేటవాళ్లకు దొరికాయి. రూపాయి ఖర్చు లేకుండా దొరికిన పరిష్కారం ఇది. కానీ తమ బస్సు తమకు దక్కాలంటే ప్రపంచం కంటికి కనబడకుండా దాచుకోవాల్సి వచ్చింది.

బొకేరియా మార్కెట్‌ది కూడా ఇలాంటి కథే. లా రాంబ్లా రోడ్డు మీద ఉండే ఈ మార్కెట్‌లో ఒకప్పుడు చేపలు, మాంసం, కూరగాయలు కొనేది చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. ఇప్పుడు చాలా కొట్లలో గ్లాసుల్లో జ్యూసులు, ముక్కలు కోసిన పండ్ల కప్పులే కనిపిస్తాయి. ఫొటో తీసుకునేవాళ్లు కిలో చేపలు కొనరు కదా! అందుకే 2015 నుంచి శుక్ర, శనివారాల్లో రద్దీ వేళల్లో 15 మందికి మించిన టూరిస్టు గుంపులను రానివ్వడం లేదు.

పార్క్ గ్వెల్‌లోనూ అంతే. 2013 అక్టోబర్ వరకు ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. ఆ తర్వాత ముఖ్యమైన భాగానికి టికెట్ పెట్టారు. స్థానికులకు ఉచితమే. కానీ పొద్దున వాకింగ్‌కి వెళ్లే పార్కు, గేటు దగ్గర కార్డు చూపించి వెళ్లే చోటుగా మారింది.

10,101.. ఇప్పుడు అందరి కళ్లూ ఈ నంబర్ మీదే

2024 జూన్ 21న మేయర్ కొల్‌బోని పెద్ద ప్రకటన చేశారు. నగరంలో లైసెన్స్ ఉన్న టూరిస్టు ఫ్లాట్లు 10,101. 2028 నవంబర్ నాటికి వీటి లైసెన్సులు ముగుస్తాయి. మళ్లీ ఒక్కటీ రెన్యూవల్ చేయం అన్నారు. అంటే ఒక్క దెబ్బకు టూరిస్టు ఫ్లాట్లు సున్నా. కాటలోనియా ప్రభుత్వం 2023లో తెచ్చిన ఆర్డినెన్సు ఆధారంగా తీసుకున్న నిర్ణయం ఇది. ఆ ఆర్డినెన్సును విపక్ష పాపులర్ పార్టీ సవాలు చేస్తే 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం కూడా రంగంలోకి దిగింది. రూల్స్ పాటించలేదంటూ 65 వేలకు పైగా ప్రకటనలు తొలగించాలని 2025 మేలో ఎయిర్‌బీఎన్‌బీని ఆదేశించింది.

మరి ఈ 10,101 ఫ్లాట్లు తిరిగొస్తే అద్దెలు తగ్గుతాయా? ఇక్కడే కాస్త లోతుగా చూడాలి. బార్సిలోనాలో జనం కాపురం ఉంటున్న ఇళ్లు ఆరున్నర లక్షలకు పైనే. వాటితో పోలిస్తే టూరిస్టు ఫ్లాట్లు ఒకటిన్నర శాతం. నగరం మొత్తం మీద చూస్తే సముద్రంలో చెంబుడు నీళ్లే. కానీ ఆ ఫ్లాట్లు నగరమంతా సమానంగా లేవు. సెంటర్‌లో, బీచ్ దగ్గర, సగ్రడా ఫమీలియా చుట్టూ గుంపుగా ఉన్నాయి. ఒక్కో బిల్డింగ్‌లో నాలుగైదు ఇళ్లు మళ్లీ కాపురాలకు వస్తే ఆ వీధికి అది పెద్ద మార్పే. ఊరి అద్దె తగ్గకపోయినా పక్కింట్లో మళ్లీ పక్కింటివాళ్లు ఉంటారు.

ఓనర్ల వాదన వేరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని హెచ్చరిస్తున్నారు. లైసెన్స్ ఉన్నవి మూసేస్తే లైసెన్స్ లేనివి పెరుగుతాయని, టూరిస్టు డబ్బంతా పెద్ద హోటళ్లకే వెళ్తుందని అంటున్నారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2016 నుంచి నగర పాలక సంస్థ మూయించిన అక్రమ ఫ్లాట్లే 9,700 అని లెక్క. అంటే లైసెన్స్ ఉన్న వాటికి దాదాపు సమానం! తనిఖీలు చేసే సిబ్బంది లేకపోతే నిషేధం కాగితం మీదే ఉంటుంది.

ఇంకో లొసుగు కూడా ఉంది. 2024 మార్చి నుంచి కాటలోనియాలోని 140 పట్టణాల్లో అద్దెలపై పరిమితి విధించారు. అందులో బార్సిలోనా కూడా ఉంది. దాంతో కొందరు ఓనర్లు ఏడాది అగ్రిమెంట్ మానేసి నెలల లెక్కన 'సీజనల్' అద్దెలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక తలుపు మూస్తే ఇంకో కిటికీ తెరుచుకుంటోంది. 2024 నవంబర్ 23న ఇళ్ల సమస్య మీద జరిగిన ర్యాలీకి వాటర్ గన్స్ ర్యాలీ కంటే ఎన్నో రెట్ల జనం వచ్చారు. పోలీసుల లెక్కే 22 వేలు. అసలు మంట ఎక్కడుందో ఈ అంకెలే చెబుతాయి.

బంగారు గుడ్ల బాతు.. కోసేదెలా, పెంచేదెలా?

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. నగర ఆదాయంలో టూరిజం వాటా 14 శాతం వరకు ఉంటుందని అంచనా. ప్రత్యక్షంగా లక్షన్నర మందికి ఉపాధి. కరోనా టైమ్‌లో లా రాంబ్లా ఖాళీ అయినప్పుడు స్థానికులకు ఊరు తిరిగి దొరికినట్టే అనిపించింది. కానీ షట్టర్లు మూతపడ్డాయి, జీతాలు ఆగాయి. టూరిస్టు లేని బార్సిలోనా ఎలా ఉంటుందో ఆ రెండేళ్లు చూపించాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

అందుకే నగరం ఇప్పుడు మధ్యే మార్గం వెతుకుతోంది. క్రూయిజ్ టెర్మినళ్లను 2030 నాటికి 7 నుంచి 5కి తగ్గించాలని 2025 జులైలో పోర్టుతో ఒప్పందం కుదిరింది. బస చేసే టూరిస్టుపై నగరం వేసే అదనపు పన్నును 2024 అక్టోబర్ నుంచి రోజుకు 4 యూరోలకు పెంచారు. 2024లో అట్టహాసంగా జరిగిన అమెరికాస్ కప్ పడవ పందేలను మరోసారి నిర్వహించబోమని అదే ఏడాది తేల్చేశారు.

అయితే ఊరికి పిలుపులు మాత్రం ఆగలేదు. ఏటా మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌కి లక్ష మందికి పైగా వస్తున్నారు. 2006 నుంచి ఈ ఎగ్జిబిషన్ బార్సిలోనాలోనే జరుగుతోంది. 2026తో గౌడీ చనిపోయి వందేళ్లు. సగ్రడా ఫమీలియా ప్రధాన గోపురం 172.5 మీటర్ల ఎత్తు. ఒక చేత్తో రావొద్దంటూ, ఇంకో చేత్తో రమ్మంటూ నడుస్తోంది నగరం.

నీళ్లు, ఎండ.. ఇది ఇంకో టెన్షన్

సరదాకు ఇంకో శత్రువు కూడా ఉంది. వాతావరణం. మూడేళ్లు వానలు సరిగా పడక రిజర్వాయర్లలో నీళ్లు 16 శాతం కంటే తగ్గిపోవడంతో 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా, చుట్టుపక్కల దాదాపు 60 లక్షల మందికి కరువు ఎమర్జెన్సీ ప్రకటించారు. మనిషికి రోజుకు 200 లీటర్లు మించకూడదన్నారు. బీచ్‌లో షవర్లు బంద్ చేశారు. ఈత కొట్టి ఉప్పు ఒంటితోనే ఇంటికెళ్లారు జనం. 'మాకు కోత పెట్టి, టూరిస్టుకు మాత్రం స్విమ్మింగ్ పూలా?' అనే ప్రశ్న అప్పుడే గట్టిగా వినిపించింది.

తెచ్చి పోసిన ఇసుక కూడా నిలవడం లేదు. 2020 జనవరిలో గ్లోరియా తుఫాను బీచ్‌లను బాగా దెబ్బతీసింది. అందరికీ ఉచితంగా దొరికే ఒక్క సరదా కూడా అలల దయ మీద ఆధారపడి ఉంది.

దీనికి నగరం వెతుక్కున్న జవాబు వీధుల్లోనే ఉంది. 1859లో ఇంజినీర్ ఇల్దెఫోన్స్ సెర్దా గీసిన ప్లాన్‌తో ఎషాంప్లా అనే కొత్త పేట వచ్చింది. పై నుంచి చూస్తే చదరంగం గళ్లలా ఉండే ఏరియా అదే. 2016 నుంచి అలాంటి కొన్ని గళ్లను కలిపి, లోపలి రోడ్లలో కార్లను తగ్గించి, చెట్లు, బెంచీలు, పిల్లల ఆట స్థలాలు పెడుతున్నారు. వీటినే 'సూపర్‌బ్లాక్స్' అంటున్నారు. 2023లో కొన్సెల్ ద సెంట్ అనే పెద్ద రోడ్డు కూడా ఇలాగే నడక దారిగా మారింది. ఎండలు ముదిరినప్పుడు లైబ్రరీలు, పార్కులు, కమ్యూనిటీ సెంటర్లను చల్లగా కూర్చునే శిబిరాలుగా తెరిచి ఉంచుతున్నారు. ఏసీ లేని ఇళ్లలో ఉండే వృద్ధులకు ఇది ప్రాణాధారం.

కానీ ఇందులోనూ చిక్కు ఉంది. వీధి అందంగా మారగానే అక్కడ కేఫ్‌లు వస్తాయి, కేఫ్‌లు వస్తే అద్దెలు పెరుగుతాయి. బాగుచేసిన వీధిలో ఉండే స్తోమత పాతవాళ్లకు లేకపోతే ఆ చెట్ల నీడ ఎవరికి?

పండగ మాత్రం ఇంకా పేటవాళ్లదే

ఇన్ని చెప్పుకున్నాం కదా.. బార్సిలోనా పూర్తిగా చేజారిపోయిందా? లేదనడానికి క్యాలెండరే సాక్ష్యం. జూన్ 23 రాత్రి సంత్ జువాన్ పండగకు మంటలు వేసి, టపాసులు కాల్చి, బీచ్‌లోనే తెల్లవారే దాకా గడుపుతారు. మన భోగి, దీపావళి ఒకే రాత్రి వచ్చినట్టు ఉంటుంది. ఏప్రిల్ 23న సంత్ జోర్దీ రోజున ఒకరికొకరు పుస్తకం, గులాబీ ఇచ్చుకుంటారు. సెప్టెంబర్‌లో లా మెర్సె ఉత్సవాల్లో మనుషుల మీద మనుషులు ఎక్కి గోపురాలు కడతారు. ముంబైలో ఉట్టి కొట్టేటప్పుడు చూసే పిరమిడ్ల లాంటివే. 2010లో యునెస్కో వీటికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

ఆగస్టు మధ్యలో గ్రాసియా పేట ఉత్సవం వస్తుంది. అక్కడ ఒక్కో వీధివాళ్లు నెలల ముందు నుంచే పాత ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు, కాగితాలతో అలంకరణలు తయారు చేస్తారు. ఏ వీధి బాగుందో పోటీ కూడా పెడతారు. మన వినాయక మండపాల పోటీ చూసినవాళ్లకు ఆ ఉత్సాహం ఏంటో చెప్పక్కర్లేదు. చూడ్డానికి ఊరంతా, ప్రపంచమంతా వస్తుంది. కానీ నిచ్చెన ఎక్కి తాడు కట్టేది మాత్రం ఆ వీధివాళ్లే. వీధిలో కాపురాలు లేకపోతే మరుసటి ఏడాది ఆ తాడు కట్టే చేతులు ఉండవు. టూరిస్టు చూడాలని వచ్చే పండగ కూడా ఉండదు.

అసలు పాయింట్ ఇదే. బార్సిలోనా అమ్ముకునేదాంట్లో గౌడీ రాళ్లు కొంతే. మిగతాదంతా ఆ సాయంత్రాలు, ఆ చౌరస్తాలు, ఆ ఆదివారం కబుర్లు. వాటిని తయారు చేసేది ఉద్యోగానికి వెళ్లొచ్చి అక్కడ కూర్చునే మామూలు జనం. వాళ్లు అద్దె కట్టలేక వెళ్లిపోతే సరుకే మాయం.

క్రికెట్ గ్రౌండ్ కోసం ఓటేసిన బార్సిలోనా!

ఊరివాళ్లు అంటే కాటలాన్లు మాత్రమే కాదని చెప్పే ఒక సంగతి కూడా ఉంది. సెంటర్‌లోని రవాల్ పేటలో పాకిస్థాన్, బంగ్లాదేశ్, భారత్ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2021లో నగర పాలక సంస్థ 3 కోట్ల యూరోలు పక్కన పెట్టి, దేనికి ఖర్చు పెట్టాలో మీరే ఓటేసి చెప్పండి అని జనాన్ని అడిగింది. వందల ప్రతిపాదనల మధ్య గెలిచినవాటిలో ఒక క్రికెట్ గ్రౌండ్ ఉంది! దాని కోసం ముందుండి ప్రచారం చేసింది వలస కుటుంబాల అమ్మాయిలు.

ఫుట్‌బాల్ ఊపిరిగా బతికే ఊళ్లో క్రికెట్ గ్రౌండ్ అడిగి ఓట్లు తెచ్చుకున్నారంటే ఒకటి అర్థమవుతుంది. అక్కడ గొడవ స్వదేశీ, విదేశీ అని కాదు. ఆ ఊళ్లో బతికేవాళ్లకు, వారం రోజులకు వచ్చిపోయేవాళ్లకు మధ్య. ఆ అమ్మాయిలు అడిగింది కూడా బార్సిలోనెటా వృద్ధులు అడిగిందే.. సాయంత్రం గడపడానికి మాకంటూ ఓ చోటు.

ముందు ఏం జరగబోతోంది?

2027 మేలో నగర ఎన్నికలు ఉన్నాయి. టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు ముగిసేది 2028 నవంబర్‌లో. అంటే 10,101 మీద కొల్‌బోని చెప్పిన మాటను అమలు చేసేది ఆ ఎన్నికల్లో గెలిచేవాళ్లు. ఆయనకు ముందు 2015 నుంచి 2023 వరకు మేయర్‌గా ఉన్న అడా కొలావ్ ఇళ్ల ఉద్యమం నుంచే వచ్చారు. ఆమె హయాంలో కొత్త హోటళ్లకు బ్రేకులు పడ్డాయి, అయినా అద్దెలు ఆగలేదు. కాబట్టి నిషేధం ఒక్కటే మంత్రదండం కాదు. నిషేధంతో పాటు తనిఖీలు ఉండాలి. సీజనల్ అద్దెల లొసుగు మూయాలి. ప్రభుత్వమే అందుబాటు ధరలో ఇళ్లు కట్టాలి. ఈ మూడూ కలిస్తేనే ఫలితం కనిపిస్తుంది.

టూరిస్టు మీద నీళ్లు చల్లితే అద్దె తగ్గదు. ఆ సంగతి చల్లినవాళ్లకూ తెలుసు. సెలవు పెట్టుకుని, డబ్బులు దాచుకుని వచ్చిన కుటుంబం చేసిన తప్పేమీ లేదు. కానీ వాటర్ గన్ లేకపోతే ఈ కథ మన ఫోన్ల దాకా వచ్చేదా అంటే, అదీ అనుమానమే.

బార్సిలోనా ట్రిప్ ప్లాన్ చేస్తున్నవాళ్లు భయపడాల్సిన పనేం లేదు. లైసెన్స్ నంబర్ చూసి బస బుక్ చేసుకోవడం, రాత్రిపూట మెట్ల మీద సూట్‌కేస్ ఈడ్చకుండా ఎత్తి పట్టుకోవడం, పేట హోటల్‌లో మెనూ దెల్ దియా తినడం.. వాళ్లు కోరుకునేది ఇంతే. ఆ మెట్ల పక్కన తలుపు వెనకాల రేపు పొద్దున్నే పనికి లేవాల్సినవాళ్లు ఉంటారు.